ఎఫెక్టులు చెదరకుండా: వీడియో ప్రాజెక్టులను దాచడం, పంచుకోవడంపై ఒక సమీక్ష

ఒక కంప్యూటర్లో రోజుల తరబడి కూర్చుని చేసిన ఎడిట్‌ను మరో కంప్యూటర్లో తెరిస్తే ఏం కనిపిస్తుందో ఎడిటర్లందరికీ తెలుసు. క్లిప్పుల స్థానంలో ‘మీడియా ఆఫ్‌లైన్’ అన్న ఎర్ర తెర వస్తుంది. టైటిల్ ఉండాల్సిన చోట ఏదో వేరే ఫాంటు కూర్చుంటుంది. ట్రాన్సిషన్ పేరు టైమ్‌లైన్ మీద ఉన్నా బొమ్మలో మార్పు ఉండదు. గ్రేడింగ్ పోయి రంగులు వెలిసినట్టుంటాయి. కట్‌లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఏ షాటు తర్వాత ఏ షాటు అన్న సమాచారం కొత్త చోటికి క్షేమంగా చేరుతుంది. ఆ షాట్లకు ఎడిటర్ దిద్దిన మెరుగులన్నీ దారిలో రాలిపోతాయి.

పెళ్లి వీడియోలు చేసే చిన్న స్టూడియోకీ, సినిమాకు డి.ఐ. (డిజిటల్ ఇంటర్మీడియట్, అంటే తుది రంగుల దిద్దుబాటు) చేసే పెద్ద సంస్థకీ, ఫోన్‌లో రీల్ చేసుకునే విద్యార్థికీ ఉన్న ఇబ్బంది ఇదే. చేసిన పనిని ఎఫెక్టులతో సహా దాచుకోవడం ఎలా, ఇంకొకరికి అందించడం ఎలా? ఈ ప్రశ్నకు గత యాభై ఏళ్లలో వచ్చిన సమాధానాలను వరుసగా చూసి, ఏది ఎంత మోస్తుందో తూకం వేయడం ఈ వ్యాసం పని. నా నిర్ణయం ముందే చెబుతాను. ఎఫెక్టులన్నిటినీ ఎక్కడికైనా మోసుకెళ్లే ఫైలు అంటూ ఒకటి లేదు. సూచనలు, వాటిని అమలు చేసిన సాధనాల వివరం, చివరికి తేలిన ఫలితం అనే మూడింటినీ విడివిడిగా దాచినప్పుడే పని నిలుస్తుంది. మనలో ఎక్కువమంది మొదటిది ఒక్కటే దాచి, మూడూ దాచామనుకుంటున్నాం.

ప్రాజెక్టు ఫైల్లో ఏముంటుంది

ప్రాజెక్టు ఫైలు సైజు చూస్తేనే సగం సంగతి అర్థమవుతుంది. వందల గిగాబైట్ల ఫుటేజ్‌తో చేసిన ఎడిట్ కూడా కొన్ని మెగాబైట్లలో ఇమిడిపోతుంది. కారణం, అందులో బొమ్మలు లేవు. ప్రీమియర్ ప్రో ప్రాజెక్టు ఫైలంటే జీజిప్ పద్ధతిలో కుదించిన ఎక్స్‌ఎంఎల్ పాఠం. విప్పి చూస్తే మామూలు టెక్స్ట్ ఎడిటర్లో చదువుకోవచ్చు. కేడెన్‌లైవ్ కుదించకుండానే ఎక్స్‌ఎంఎల్ రాస్తుంది. ఫైనల్ కట్ ప్రో లైబ్రరీ చూడటానికి ఒక్క ఫైలులా ఉంటుంది గానీ నిజానికది ఫోల్డరు. డావిన్సీ రిజాల్వ్ తన ప్రాజెక్టులను డేటాబేస్‌లో పెట్టుకుని, బయటికి పంపాల్సి వచ్చినప్పుడు డీఆర్‌పీ ఫైలుగా ఎగుమతి చేస్తుంది.

రూపం ఏదైనా లోపల ఉండేది ఒకటే: ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో ఉన్న ఫలానా క్లిప్పును ఇక్కడి నుంచి ఇక్కడి దాకా తీసుకో, దాని మీద ఫలానా పేరున్న ఎఫెక్టు వేయి, దాని విలువ నలభయ్యో ఫ్రేము దగ్గర సున్నా, అరవయ్యో ఫ్రేము దగ్గర పాతిక. బ్లర్ ఎలా చేయాలన్న లెక్క ఆ ఫైల్లో ఉండదు. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ కడుపులోనో, కొని వేసుకున్న ప్లగిన్‌లోనో ఉంటుంది. పేరు, అంకెలు ప్రయాణిస్తాయి. లెక్క కట్టే యంత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఈ ఏర్పాటు కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఫిల్ము రోజుల్లో ఎడిటర్ వర్క్‌ప్రింట్ మీద గ్రీజు పెన్సిల్‌తో గీతలు గీసి, ఇక్కడ ఫేడ్ కావాలి, ఇక్కడ డిజాల్వ్ కావాలి అని గుర్తు పెట్టేవారు. ఆ గుర్తులు చూసుకుని ల్యాబ్‌లో అసలు నెగటివ్ నుంచి ఆ ఫేడ్లను, డిజాల్వులను, అంటే ఆప్టికల్స్‌ను, తయారు చేసేవారు. గుర్తుకు, ఫలితానికి మధ్య ఒక ల్యాబు, అందులో ఒక మనిషి ఉండేవాడు. గుర్తుల అర్థం ఇద్దరికీ ఒకటే కాబట్టి పని జరిగేది. ఇప్పుడు ఆ మనిషి స్థానంలో సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రతి సాఫ్ట్‌వేరూ గుర్తులను తనదైన తీరులో చదువుకుంటోంది.

ఏ ఎఫెక్టు ఎందుకు చెదురుతుంది

ఎఫెక్టులన్నీ ఒకే కారణంతో పోవు. వాటిని నాలుగు వర్గాలు చేసి చూస్తే పరిస్థితి తేటపడుతుంది.

మొదటి వర్గం స్థానం, సైజు, తిప్పడం, పారదర్శకత. ఇవి జ్యామితి. చాలా సాఫ్ట్‌వేర్లు వీటిని ఒకదాని నుంచి ఇంకొకటి దాదాపు సరిగానే చదువుకుంటాయి. తేడా వచ్చేది కీఫ్రేముల మధ్య కదలిక వేగాన్ని మలిచే వంపుల దగ్గర, స్పీడ్ ర్యాంపుల దగ్గర.

రెండో వర్గం పేరు ఒకటే అయినా లెక్క వేరైన ఎఫెక్టులు. డిజాల్వ్‌ను మించి సాదా ఎఫెక్టు లేదనుకుంటాం. ప్రీమియర్‌లోనే క్రాస్ డిజాల్వ్, ఫిల్మ్ డిజాల్వ్ అని రెండున్నాయి. ఫిల్మ్ డిజాల్వ్ వెలుగును సరళ రేఖలో లెక్కగట్టి కలుపుతుంది. అందుకే రెండు షాట్లూ కలిసే నడిమధ్యన, ముఖ్యంగా దీపాలున్న షాట్లలో, తేడా కంటికే తెలుస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్ లోపలే ఇంత తేడా ఉంటే, ‘ఇక్కడ డిజాల్వ్’ అన్న ఒక్క మాట వేరే సాఫ్ట్‌వేర్‌కు చేరినప్పుడు ఏమవుతుందో ఊహించవచ్చు.

మూడో వర్గం బయటి ప్లగిన్లు. ప్రాజెక్టులో ఆ ప్లగిన్ గుర్తింపు పేరు, దాని అంకెలు ఉంటాయి. అవతలి కంప్యూటర్లో ప్లగిన్ లేకపోతే ఆ పేరు పిలిచినా పలికేవారుండరు. ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణం వల్ల ఒకే కంపెనీ ప్లగిన్ రిజాల్వ్‌లోనూ, న్యూక్‌లోనూ, వేగాస్‌లోనూ పనిచేయగలదు. అది ప్లగిన్‌కు దొరికిన సౌకర్యం మాత్రమే. రిజాల్వ్ ప్రాజెక్టులో ఆ ప్లగిన్‌కు పెట్టిన అంకెలు న్యూక్‌లోకి వాటంతటవి నడిచి రావు.

నాలుగో వర్గం విశ్లేషణ మీద ఆధారపడేవి. వణుకు తీసే స్టెబిలైజర్, మనిషిని గుర్తుపట్టి కత్తిరించే మాస్క్, మధ్య ఫ్రేములు పుట్టించే ఆప్టికల్ ఫ్లో ఈ కోవలోవి. ఇవి షాటంతా చదివి ఒక నిర్ణయానికొస్తాయి. కొత్త వెర్షన్‌లో మళ్లీ విశ్లేషణ చేయిస్తే ఆ నిర్ణయం మారవచ్చు. మాస్క్ అంచు మొన్న జుట్టును వదిలేసినట్టు ఇవాళ వదలకపోవచ్చు. కృత్రిమ మేధతో పుట్టించిన ఫ్రేములకు ఇది మరీ వర్తిస్తుంది. అదే సూచన మళ్లీ ఇచ్చినా అదే బొమ్మ వస్తుందన్న హామీ లేదు. కాబట్టి వాటిని ఎఫెక్టుగా లెక్కేయకూడదు. కెమెరాలోంచి వచ్చిన ఫుటేజ్‌తో సమానంగా చూసి, ఫైలుగా భద్రపరచాలి.

మొదటి దారి: మూటగట్టి పంపడం

పంపేవారి దగ్గరా అందుకునేవారి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇదే నమ్మకమైన దారి. ప్రాజెక్టు ఫైలుతో పాటు అందులో వాడిన మీడియా అంతటినీ ఒకే ఫోల్డర్లోకి చేర్చే ఏర్పాటు పెద్ద సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఉంది. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కలెక్ట్ ఫైల్స్, ఆవిడ్‌లోనూ ఈడియస్‌లోనూ కన్సాలిడేట్, రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ ఆర్కైవ్, కేడెన్‌లైవ్‌లో ఆర్కైవ్ ప్రాజెక్ట్. వాడని భాగాలు తీసేసి, ప్రతి షాటుకూ అటూ ఇటూ కొన్ని ఫ్రేముల మిగులు ఉంచి సైజు తగ్గించే వీలు కూడా కొన్నిటిలో ఉంది. ఆ మిగులునే హ్యాండిల్స్ అంటారు.

మూటలో పడనివి కూడా తెలుసుకోవాలి. ప్లగిన్లు పడవు, పడకూడదు కూడా, అవి లైసెన్సుతో కొన్నవి. ఫాంట్లను సాధారణంగా చేతితో చేర్చాలి. రిజాల్వ్‌లో గ్రేడింగ్‌కు వాడిన లట్ ఫైళ్లు (రంగులను మార్చే పట్టికలు) సిస్టమ్‌లో వేరే ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి వాటినీ గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాలి. ప్రీమియర్ టైమ్‌లైన్‌కు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కాంపోజిషన్లు డైనమిక్ లింక్‌తో తగిలించి ఉంటే, ఆ రెండో ప్రాజెక్టును దాని మీడియాతో సహా వేరుగా మూటగట్టాలి. ఈ విషయంలో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒక మంచి పని చేస్తుంది. కలెక్ట్ ఫైల్స్ పూర్తి కాగానే ఈ ప్రాజెక్టుకు ఏ ఎఫెక్టులు, ఏ ఫాంట్లు కావాలో చెప్పే ఒక టెక్స్ట్ నివేదిక రాసి పెడుతుంది. ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండాల్సిన సదుపాయం అది.

ఫైలు పేర్ల మీద ప్రత్యేక శ్రద్ధ అవసరం. కార్డు మార్చినప్పుడల్లా కెమెరా మళ్లీ మొదటి నంబరు నుంచి లెక్కపెడితే, ఒక పెళ్లికి వాడిన రెండు సోనీ కెమెరాల్లోనూ సీ0001 అనే క్లిప్పు ఉంటుంది. డ్రైవ్ మారాక రీలింక్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు చూసి తాళి కట్టే షాటు స్థానంలో భోజనాల షాటు తెచ్చి పెట్టే ప్రమాదం ఉంది. షూటింగ్ రోజునే కెమెరా పేరుతో, కార్డు నంబరుతో వేర్వేరు ఫోల్డర్లు చేసుకోవడం దీనికి మందు. క్లిప్పులను వాట్సాప్‌లో వీడియోగా పంపితే కథ అక్కడితో ముగిసినట్టే. పేరు మారిపోతుంది, క్వాలిటీ కుదించుకుపోతుంది. అసలు ఫైలుకు దానికి చుట్టరికం ఉండదు.

రెండో దారి: ఉమ్మడి భాషలు

సాఫ్ట్‌వేర్లు వేరైనప్పుడు రెండిటికీ అర్థమయ్యే భాష కావాలి. ఈ వెతుకులాట టేపుల కాలంలోనే మొదలైంది. సీబీఎస్, మెమొరెక్స్ కలిసి పెట్టిన సీఎంఎక్స్ సంస్థ 1971లో కంప్యూటర్‌తో నడిచే ఎడిటింగ్ యంత్రం తెచ్చింది. ఆ సంస్థ పేరుతోనే నిలిచిన సీఎంఎక్స్ 3600 ఈడీఎల్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. అదొక సాదా జాబితా: ఏ రీలు, ఏ టైమ్‌కోడ్ నుంచి ఏ టైమ్‌కోడ్ దాకా, కట్టా డిజాల్వా వైపా అన్నంత వరకే. ఒక్క వీడియో ట్రాక్, నాలుగు ఆడియో ట్రాకులు, రీలు పేరుకు ఎనిమిది అక్షరాలు. ఎఫెక్టుల విషయంలో ఇంత బీదదైనా ఈడీఎల్ బతికింది. మనిషి కళ్లతో చదవగలగడం, కొద్దిపాటి సంగతులే అయినా ఎక్కడైనా ఒకే అర్థంలో చెప్పడం దానికి ఆయుష్షు పోశాయి.

తర్వాత ఆవిడ్ నుంచి ఓఎంఎఫ్ వచ్చింది. దానికి రెండు గిగాబైట్ల పరిమితి ఉండేది. దాని స్థానంలోకి ఏఏఎఫ్ వచ్చి, ఎడిట్ నుంచి సౌండ్ విభాగానికి వెళ్లే దారిలో స్థిరపడింది. వాల్యూమ్ మార్పులు, ఫేడ్లు దానితో చక్కగా వెళతాయి. రివర్బ్ వంటి ప్లగిన్ల అమరికలు సాధారణంగా వెళ్లవు. ఫైనల్ కట్ నుంచి వచ్చిన ఎక్స్‌ఎంఎల్ ఇంకాస్త ఎక్కువ మోస్తుంది: అనేక ట్రాకులు, స్థానం, సైజు, పారదర్శకత, కొన్ని ఫిల్టర్లు.

వీటన్నిటి తర్వాత పిక్సార్ తయారుచేసి 2017లో అందరికీ తెరిచిన ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ నాకు అన్నిటికంటే నిజాయితీగల ప్రయత్నంగా తోస్తుంది. ఇప్పుడది అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సంరక్షణలో ఉంది. రిజాల్వ్ 2023లో వచ్చిన 18.5 వెర్షన్ నుంచి దాన్ని చదువుతోంది, రాస్తోంది. ఎఫెక్టులన్నీ మోస్తానని అది చెప్పుకోదు. ఎఫెక్టు పేరును రాసి, ఆ సాఫ్ట్‌వేర్ చెప్పిన మిగతా వివరాలన్నీ పక్కనే మెటాడేటాగా చేరుస్తుంది. అందుకున్న సాఫ్ట్‌వేర్‌కు అర్థమైతే వాడుకుంటుంది. కాకపోయినా ఆ సమాచారం ఫైల్లో మిగిలే వీలుంది. తెలియనిదాన్ని పారేయకుండా ఉంచాలన్న ఈ నియమం చిన్నదిగా కనిపించినా, భద్రపరచడంలో అతి ముఖ్యమైన నియమం ఇదే.

ఉమ్మడి భాష పూర్తిగా గెలిచిన చోటు ఒకటుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్ రూపొందించిన సీడీఎల్ అనే కలర్ పద్ధతి అది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడింటిలో ఒక్కోదానికి స్లోప్, ఆఫ్‌సెట్, పవర్ అని మూడేసి అంకెలు. అన్నీ కలిపి తొమ్మిది. వాటికి తోడు సాచురేషన్ ఒకటి. మొత్తం పది అంకెలు. వచ్చిన విలువను స్లోప్‌తో గుణించి, ఆఫ్‌సెట్ కలిపి, పవర్‌కు హెచ్చించాలన్న సూత్రం బహిరంగం. షూటింగ్ స్పాట్‌లో పెట్టిన ఆ పది అంకెలు ల్యాబ్‌కీ, వీఎఫ్‌ఎక్స్ స్టూడియోకీ, డి.ఐ.కీ వెళ్లినా, రంగును చదివే పద్ధతి అన్నిచోట్లా ఒకటే అయితే ఫలితం మారదు. ఈడీఎల్‌లో వ్యాఖ్యగా కూడా వాటిని రాసి పంపవచ్చు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎఫెక్టు చెదరకుండా ప్రయాణించాలంటే దాని వెనక ఉన్న లెక్క అందరిదీ అయి ఉండాలి. లెక్క రహస్యంగా ఉన్నంతకాలం ఏ ఫైలు పద్ధతీ దాన్ని మోయలేదు.

మూడో దారి: రెండర్ చేసి దాచడం

ఎఫెక్టును సూచనగా పంపలేనప్పుడు ఫలితంగా పంపాలి. కష్టమైన షాట్లను మంచి కోడెక్‌లో, హ్యాండిల్స్‌తో సహా రెండర్ చేసి ప్రాజెక్టు పక్కన పెట్టడం వీఎఫ్‌ఎక్స్ రంగంలో రోజువారీ పని. గ్రాఫిక్స్‌నూ టైటిళ్లనూ వెనకభాగం పారదర్శకంగా ఉండేలా ప్రోరెస్ 4444 వంటి కోడెక్‌లో దాస్తారు. అలా చేసిన షాటుకు ప్లగిన్ అక్కర్లేదు, ఫాంటు అక్కర్లేదు, వెర్షన్ పట్టింపు లేదు.

దీని ఖరీదు రెండు రకాలు. ఒకటి స్థలం. 1920 బై 1080 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ గంటకు దాదాపు 83 గిగాబైట్లు తింటుంది. ప్రోరెస్ 4444 అయితే 124. రెండోది స్వేచ్ఛ. రెండర్ అయిన షాటులో పేరు తప్పు పడిందంటే దిద్దే వీలుండదు. అందుకే రెండర్‌ను ప్రాజెక్టుకు బదులుగా కాక, ప్రాజెక్టుకు సాక్షిగా చూడాలి. రేపు ప్రాజెక్టు తెరిచినప్పుడు బ్లర్ సరిగ్గా వచ్చిందా, గ్రేడింగ్ నిలిచిందా అని పోల్చి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం. ఎడిట్ నుంచి డి.ఐ.కి ప్రాజెక్టు వెళ్లేటప్పుడు టైమ్‌కోడ్ ముద్రించిన రిఫరెన్స్ వీడియోను కూడా పంపేది ఇందుకే. కన్‌ఫర్మ్ చేసేవారు, అంటే ఎడిట్‌ను అసలు ఫుటేజ్‌తో మళ్లీ కూర్చేవారు, ఈడీఎల్‌ను చదువుతారు, తుది మాటగా మాత్రం రిఫరెన్స్‌నే నమ్ముతారు.

తెలుగు సినిమాకు ఇందులో సొంత అవసరం కూడా ఉంది. ఒకే సినిమా తెలుగు, తమిళం, హిందీ, కన్నడం, మలయాళంలో విడుదలవుతున్న రోజులివి. తెర మీద అక్షరాలు లేని టెక్స్ట్‌లెస్ మాస్టర్, మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ఆడియో వేరుగా దాచకపోతే, ఇంకో భాషకు వెళ్లాల్సిన ప్రతిసారీ పాత ప్రాజెక్టును లేపి కూర్చోబెట్టాలి. అది లేవకపోతే అక్షరాల మీద అక్షరాలు వేసుకోవాల్సి వస్తుంది.

నాలుగో దారి: అందరూ ఒకే చోట

ఫైలును మనిషి దగ్గరికి పంపడం మానేసి మనుషులనే ఒకే ప్రాజెక్టులోకి తేవడం నాలుగో దారి. ఆవిడ్ దీన్ని ఎప్పుడో చేసింది. ఒక బిన్‌ను (క్లిప్పులు పెట్టుకునే ఫోల్డరును) ఒకరు తెరిచి పనిచేస్తుంటే మిగతావారు చూడగలరు, రాయలేరు. ప్రీమియర్‌లో 2020లో ప్రొడక్షన్స్ వచ్చింది. రిజాల్వ్ 18 వెర్షన్‌తో 2022లో బ్లాక్‌మ్యాజిక్ క్లౌడ్ వచ్చింది. ఫైనల్ కట్ ప్రో 2020 నుంచి ప్రాక్సీలు, అంటే క్లిప్పుల తేలికపాటి నకళ్లు, మాత్రమే ఉన్న లైబ్రరీని కాపీ చేయనిస్తోంది. ఈ దారిలో ఎఫెక్టులు నిలుస్తాయి, ఎందుకంటే అందరూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే వెర్షన్‌లో ఉంటారు. ప్లగిన్లు మాత్రం ఇక్కడా ప్రతి యంత్రంలో ఉండాల్సిందే. డబ్బు పెట్టి కొనే రిజాల్వ్ స్టూడియో ఎఫెక్టులు కొన్ని ఉచిత వెర్షన్‌లో వాటర్‌మార్క్‌తో వస్తాయి. ఉమ్మడి పనికి దిగేముందు ఈ లెక్కలు తేల్చుకోవాలి. దీర్ఘకాలం దాచుకోవడానికి మాత్రం క్లౌడ్ ప్రాజెక్టును లెక్కలోకి తీసుకోలేం. చందా ఆగిన రోజు తలుపు మూసుకుంటుంది.

ఫోన్లలో పరిస్థితి

ఇవాళ కొత్తగా ఎడిటింగ్ నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఫోన్‌తోనే మొదలుపెడుతున్నారు. పంచుకునే అలవాటు కూడా వారిలో గట్టిది. అలైట్ మోషన్ వాడేవారు తమ ఎఫెక్టుల అమరికను లింకుగానో ఎక్స్‌ఎంఎల్ ఫైలుగానో పంపుకుంటారు. కైన్‌మాస్టర్ ప్రాజెక్టును ఒక ఫైలుగా ఎగుమతి చేసి ఇంకో ఫోన్‌లో తెరవనిస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇన్నేళ్లుగా నానుతున్న సమస్యకు ఈ యాప్‌లలో సులువైన జవాబు దొరకడానికి కారణముంది. ఎఫెక్టులన్నీ యాప్‌లోనే పుట్టినవి, బయటి ప్లగిన్ల బెడద తక్కువ.

ఆ సులువు వెనక ఒక బలహీనత ఉంది. ప్రాజెక్టు బతుకు పూర్తిగా ఆ ఒక్క యాప్ చేతిలో ఉంటుంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఆ జాబితాలో టిక్‌టాక్‌తో పాటు వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. నిషేధం మంచిచెడ్డలు వేరే చర్చ. తన పని ఒక యాప్ లోపలే ఉంచుకున్న మనిషికి ఆ యాప్ పోతే ఏం మిగులుతుందన్నది మన చర్చ. ఎగుమతి చేసుకున్న వీడియో ఒక్కటే మిగులుతుంది. ఫోన్‌లో పనిచేసేవారు అసలు క్లిప్పులను, తుది వీడియోను, వీలైతే టైటిళ్లు లేని ఇంకో వీడియోను ఫోన్ బయట దాచుకోవడం కనీస జాగ్రత్త.

తెలుగు అక్షరానికి ఉన్న గండం

మన ప్రాజెక్టులు తెరిచినప్పుడు ముందుగా చెదిరేది తెలుగు టైటిలే. దీనికి మూడు కారణాలు.

ఒకటి, అను వంటి పాత ఫాంట్లు. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంటు లేని యంత్రంలో వధూవరుల పేర్లు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా బయటపడతాయి. ఏం రాసి ఉండేదో ఊహించడం కూడా కష్టం. రెండోది, యూనికోడ్‌లో రాసినా ఫాంటు లేకపోవడం. అక్షరం నిలుస్తుంది గానీ రూపం మారి, వరుసలు పొడవెక్కి, డిజైన్ చెడుతుంది. మూడోది, అక్షరాలను కూర్చే ఇంజిన్. అడోబ్ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగిన సందర్భాలు మన ఎడిటర్లందరికీ పరిచయమే. ప్రాజెక్టుతో పాటు ఆ సెట్టింగ్ వెళ్లిందో లేదో చూడాలి.

ఇందులో మొదటి రెండింటికీ మంచి మందు ఉంది. సిలికానాంధ్ర పూనికతో వచ్చి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. ఫాంటు ఫైలును లైసెన్సు పత్రంతో సహా ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టి ఎవరికైనా నిర్భయంగా ఇవ్వవచ్చు. కొన్న ఫాంట్లతో ఆ పని చేయలేం. దీర్ఘకాలం నిలవాల్సిన ప్రాజెక్టులకు ఈ ఫాంట్లు ఎంచుకోవడం అందం కోసమే కాదు, భద్రత కోసం కూడా. అన్నిటికంటే ముందు, టైటిళ్లలోని మాటలన్నిటినీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో యూనికోడ్‌లో రాసి పెట్టుకోవాలి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు మళ్లీ అడిగి తెలుసుకునే అవసరం రాకుండా ఉంటుంది.

పదేళ్ల తర్వాత తెరిస్తే

ఇంకో కంప్యూటర్‌కు పంపడం కంటే, పదేళ్ల తర్వాత మనమే తెరవడం కష్టం. ఫైనల్ కట్ చరిత్ర ఇందుకు పెద్ద నిదర్శనం. 2011 జూన్‌లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో టెన్ విడుదల చేసింది. అది ఫైనల్ కట్ 7 ప్రాజెక్టులను తెరవలేదు. 2017లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ హై సియెరాలో ఫైనల్ కట్ 7 నడవడమే మానేసింది. అది నడిచిన రోజుల్లో ఎక్స్‌ఎంఎల్ ఎగుమతి చేసి పెట్టుకున్నవారి ఎడిట్‌లు ఇవాళ ప్రీమియర్‌లోనో రిజాల్వ్‌లోనో తెరుచుకుంటున్నాయి. అసలు ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాచుకున్నవారికి పాత మ్యాక్ వెతుక్కోవడమే ప్రధానమైన దారి.

పాత వెర్షన్ మళ్లీ వేసుకుందామన్నా అన్నివేళలా కుదరదు. 2019 మేలో అడోబ్ తన చందాదారులకు పాత క్రియేటివ్ క్లౌడ్ వెర్షన్ల వాడకం మీద పరిమితి పెట్టింది. డౌన్‌లోడ్‌కు చివరి రెండు ప్రధాన వెర్షన్లనే మిగిల్చింది. కొత్త ప్రీమియర్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదానిలో తెరుచుకోదు. అందుకే ఒక ప్రాజెక్టు నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకూడదన్న నియమం అనుభవజ్ఞులు తప్పకుండా పాటిస్తారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకూ ఈ గండాలున్నాయి. దశాంశాన్ని కొన్ని దేశాల్లో చుక్కతో, కొన్నిచోట్ల కామాతో రాస్తారు. కేడెన్‌లైవ్ ప్రాజెక్టుల్లో ఎఫెక్టు అంకెలు ఆ యంత్రం భాషను బట్టి రాయబడి, మరో దేశంలో తెరిస్తే తప్పుగా చదవబడేవి. 2020 ఆగస్టులో వచ్చిన 20.08 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. ఆ మార్పు వల్ల కొత్త ఫైళ్లు పాత వెర్షన్లలో తెరుచుకోకుండా పోయాయి. అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒక మేలు స్పష్టం: పాత వెర్షన్‌ను మన దగ్గర ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పంచుకోవడం ఒక సంస్కృతి

ప్రాజెక్టును పూర్తిగా పంచుకోవడం అంటే ఎలా ఉండాలో బ్లెండర్ ఫౌండేషన్ చూపించింది. 2006లో ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’తో మొదలై ‘బిగ్ బక్ బన్నీ’, ‘సింటెల్’, ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ వరకు తమ చిత్రాలతో పాటు వాటి తయారీ ఫైళ్లనూ క్రియేటివ్ కామన్స్ కింద లోకానికి ఇచ్చింది. ‘సింటెల్’ 2010 నాటిది. ఆనాటి బ్లెండర్ సొంత రెండరింగ్ ఇంజిన్‌ను 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌లో తీసేశారు. ఇవాళ్టి బ్లెండర్‌లో ఆ ఫైళ్లు తెరుచుకున్నా వెలుగునీడలు అలాగే రావు. కానీ బ్లెండర్ పాత వెర్షన్లన్నీ సంస్థ సైట్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. అంటే సూచనలు ఉన్నాయి, సాధనం ఉంది, ఫలితమైన చిత్రం ఉంది. నేను మొదట చెప్పిన మూడూ ఒకచోట ఉన్న ఉదాహరణ ఇది.

మన దగ్గరా పంచుకునే సంప్రదాయం చాలా పాతదే. పెళ్లి వీడియో రంగంలో పాటలకు తగ్గట్టు ఎఫెక్టులు అల్లిన ఈడియస్ సాంగ్ ప్రాజెక్టులు డీవీడీలలో, హార్డ్‌డిస్కులలో, ఇప్పుడు డ్రైవ్ లింకులలో తిరుగుతూనే ఉన్నాయి. ఫొటోలు, క్లిప్పులు మార్చుకుంటే చాలు, పాట సిద్ధం. చిన్న ఊళ్లలోని స్టూడియోలకు ఇది జీవనాధారం, కొత్తవారికి పాఠశాల. ఒకరి టైమ్‌లైన్ తెరిచి, ఎక్కడ ఏ లేయరు వేశారో చూసి నేర్చుకోవడంలో ఉన్న లాభం ఏ పాఠంలోనూ లేదు. అందుకే ఈ సంప్రదాయాన్ని గౌరవించి చక్కదిద్దుకోవాలని కోరుకుంటాను. చేసినవారి పేరు లేకుండా ప్రాజెక్టులు చేతులు మారుతున్నాయి. దొంగ ప్లగిన్లతో చేసిన ప్రాజెక్టు కొన్నవారిని కూడా దొంగ ప్లగిన్ వైపు నెడుతుంది, వైరస్‌లు దాని వెంటే వస్తాయి. ప్రాజెక్టు అమ్మేవారు వెర్షన్, కావలసిన ప్లగిన్లు, ఫాంట్లు, వాడుకునే హక్కులు స్పష్టంగా రాసి, నమూనా రెండర్ జతచేస్తే కొన్నవారికీ మేలు, తమ పేరుకూ మేలు.

తూకం

నాలుగు దారుల్లో ఏదీ ఒంటరిగా చాలదు. మూటగట్టిన ప్రాజెక్టు ఇవాళ్టికి ఉత్తమం, పదేళ్లకు అనుమానం. ఉమ్మడి భాష కట్‌లను ఎల్లకాలం మోస్తుంది, ఎఫెక్టులను అరకొరగా మోస్తుంది. రెండర్ ఎఫెక్టును నిలుపుతుంది, దిద్దుకునే వీలును పోగొడుతుంది. క్లౌడ్ పని జరుగుతున్నన్నాళ్లే. కాబట్టి పని ముగిసిన రోజున, ఇంకా అన్నీ సరిగ్గా తెరుచుకుంటున్న సమయంలోనే, ఒక ఫోల్డర్లో ఇవన్నీ చేర్చాలి: మూటగట్టిన ప్రాజెక్టు, దాని ఎక్స్‌ఎంఎల్ లేదా ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ రూపం, ఒక ఈడీఎల్, తుది మాస్టర్, అక్షరాలు లేని మాస్టర్, ప్లగిన్లు వాడిన షాట్ల రెండర్లు, లట్‌లు, ఇవ్వదగిన ఫాంట్లు, సాఫ్ట్‌వేర్, ప్లగిన్ల వెర్షన్లు రాసిన ఒక పేజీ. ఆ ఫోల్డరుకు మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఆ తర్వాత దాన్ని ఇంకో కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనకూడదు.

ఇది ఎడిటర్ ఒక్కడి భారం కాకూడదు. నిర్మాతలు, స్టూడియోలు ఈ ఫోల్డరును ఒప్పందంలో భాగం చేసి, అందుకు పట్టే సమయానికి డబ్బు చెల్లించాలి. ఎడిటింగ్ నేర్పే సంస్థలు ఎఫెక్టులు నేర్పినంత శ్రద్ధగా ప్రాజెక్టు అప్పగించడం నేర్పాలి. సాఫ్ట్‌వేర్ సంస్థలు కనీసం తమ మామూలు ఎఫెక్టుల లెక్కలనైనా బయటపెట్టాలి. పది అంకెల కలర్ సూత్రాన్ని అందరూ ఒప్పుకోగలిగినప్పుడు డిజాల్వ్‌నూ, బ్లర్‌నూ, స్పీడ్ ర్యాంపునూ ఒప్పుకోలేకపోవడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకి కనిపించదు. అడ్డంకి ఉన్నది వాడకందారుణ్ణి తమ దగ్గరే కట్టిపడేయాలన్న వ్యాపార లెక్కలో. ఆ లెక్క మారాలని అడిగే హక్కు, పని చేసినవారిగా మనకుంది. ప్రాజెక్టు ఫైలు ఎడిటర్ ఆలోచనకు మిగిలే ఏకైక రాతప్రతి. దాన్ని చదవగలిగే స్థితిలో ఉంచడం ఈ వృత్తి తనకు తాను చేసుకోవాల్సిన మొదటి న్యాయం.